జాను తెనుగు సోమన్న

హాస్టల్ వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని తమ్ముళ్ళు అడగగానే మాకు గుర్తొచ్చిన పేరు పాల్కురికి సోమనాథుడు. బసవ పురాణం రాసినదెవరు అని పరీక్షలో వస్తే ఆయన పేరు రాశాం, మార్కు తెచ్చుకున్నాం, మర్చిపోయాం. పీజీకి వచ్చి ఆ పుస్తకం చదివాకగానీ ఆయన మనకెంత దగ్గరివాడో తెలియలేదు.

సోమనాథుడు కాకతీయుల కాలపు కవి. ఊరు నేటి జనగామ జిల్లాలోని పాలకుర్తి. తల్లి శ్రియాదేవి, తండ్రి విష్ణురామిదేవుడు. సంస్కృతంలోనూ, కన్నడంలోనూ గట్టి పండితుడు. సంస్కృతంలో భాష్యం రాసిన మనిషి. కావాలంటే పండితుల కోసమే రాసి సన్మానాలు పొంది ఉండవచ్చు. కానీ ఆ దారిన పోలేదు.

అప్పటికి శైవులకు వేదాలున్నాయి, ఆగమాలున్నాయి. అన్నీ సంస్కృతమే. మడేలుకు, మాదిగకు, బోయకు అవి అందే మార్గం లేదు. 12వ శతాబ్దంలో కల్యాణ నగరంలో బిజ్జలుని కొలువులో భండారిగా ఉన్న బసవేశ్వరుడు కులం గోడలను కదిలించాడు. ఆ బసవన్న కథను, శివభక్తుల కథలను సోమనాథుడు ఏడు ఆశ్వాసాల బసవ పురాణంగా తెలుగులో రాశాడు. పెద్ద వృత్తాలు వదిలి, అందరూ పాడుకోగల ద్విపదను ఎంచుకున్నాడు. సంస్కృత సమాసాల బరువు తగ్గించి జాను తెనుగులో చెప్పాడు. వేదాగమాలకు తోడుగా వీరశైవులకు అదొక పవిత్ర గ్రంథమైంది. 1369లో భీమకవి దాన్ని కన్నడంలోకి తెచ్చాడు. తెలుగు నుంచి కన్నడానికి వెళ్ళిన ఈ పురాణాన్ని 1990లో ఇంగ్లీషులోనూ అచ్చువేశారు.

అందులో నాయకులెవరో చూడండి. బట్టలుతికే మడివాలు మాచయ్య. వేటాడే కన్నప్ప. గుర్రాలకు గడ్డి కోసే మాదర చెన్నయ్య ఇంట అంబలి తాగిన శివుడికి చోళరాజు పెట్టిన నైవేద్యం రుచించలేదట. శివుడికి తల్లి లేదే అని జాలిపడి, తానే తల్లై తలంటి నీళ్ళుపోసిన బెజ్జ మహాదేవి కథ చదివినప్పుడు, మమ్మల్ని హాస్టల్లో దించి గేటు దగ్గర కళ్ళు తుడుచుకున్న అమ్మ గుర్తొచ్చింది.

పండితారాధ్య చరిత్రలో ఆయన మరో మేలు చేశాడు. తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు అని ఆనాటి జనం పాడుకునే పాటల పేర్లు గ్రంథానికెక్కించాడు. మన అమ్మమ్మలు నాట్లప్పుడు పాడిన పాటలకు ఎంత పాత చరిత్ర ఉందో దానివల్లే తెలుస్తుంది.

ఒక మాట దాచకూడదు. సోమనాథుడు శివభక్తులలో కులం చూడవద్దన్నాడు గానీ, శివుణ్ణి కొలవనివారిని దగ్గరకు రానివ్వలేదు. జైనుల మీద, ఇతర మతాల మీద ఆయన కథల్లో కోపం, హింస కనిపిస్తాయి. ఒక తలుపు తెరిచి ఇంకో తలుపు మూశాడు. ఆయన్ను గౌరవిస్తూనే ఆ మూసిన తలుపును మనం ఒప్పుకోనక్కరలేదు.

పీజీ మొదటి సంవత్సరం సెమినార్‌లో మేము మాట్లాడుతుంటే మా ఊరి యాసకు వెనక బెంచీల్లో నవ్వారు. ఆ తర్వాత చాలా రోజులు నోరు విప్పలేదు. మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్ళం మేమే. ఎవరికి చెప్పుకోవాలో కూడా తెలియలేదు. సోమనాథుణ్ణి చదివాక ఆయన మీదే ఇంకో సెమినార్ ఇచ్చాం, మా యాసలోనే. ఈసారి నవ్వినా ఆగలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ఇంగ్లీషు నేర్చుకోండి, ఉద్యోగాలు సాధించండి. కానీ ఇంటి మాటకు సిగ్గుపడకండి. అన్నీ తెలిసిన పండితుడే ఆ మాటలో పురాణం రాశాడు.