తరంగాల తపస్వి

నేటి క్రొయేషియాలోని స్మిల్యాన్ గ్రామంలో 1856 జూలై 10న ఒక సెర్బియన్ కుటుంబంలో నికోలా టెస్లా జన్మించాడు. తండ్రి మతాచార్యుడు. తల్లి పాఠశాల ముఖం ఎరుగకున్నా తమ జాతి వీరగాథలను కంఠస్థం చేసిన ధారణాశాలి. ఇంటికి కావలసిన పనిముట్లను స్వయంగా రూపొందించుకొన్న నేర్పరి. ఆమె ప్రతిభే కుమారునికి సంక్రమించింది.

1884లో టెస్లా అమెరికా చేరాడు. ఏకాంతర విద్యుత్తుతో నడిచే మోటారుకు 1888లో పేటెంటు పొందాడు. ఆ పద్ధతిలోనే 1896లో నయాగరా జలపాతపు విద్యుత్తు బఫెలో నగరానికి చేరింది. ఊహ ప్రయోగంలో నిగ్గుతేలిన ఘట్టమది.

1899లో కొలరాడో స్ప్రింగ్స్‌లో ఆయన పిడుగులను పరిశీలించి, భూమిలో స్థిర తరంగాలు ఏర్పడుతున్నాయని భావించాడు. ఒక రాత్రి ఆయన పరికరం లయబద్ధమైన సంకేతాలను పసిగట్టింది. అవి అన్యగ్రహవాసులు పంపినవని టెస్లా నమ్మి, 1901లో లోకానికి చాటాడు. శాస్త్రజ్ఞులు అంగీకరించలేదు.

తాడును ఊపితే అల ముందుకు సాగుతుంది, తాడు మాత్రం అడ్డంగా కదులుతుంది; ఇది తిర్యక్ తరంగం. ధ్వని సాగే దిశలోనే గాలి కణాలు ముందువెనుకలకు కంపిస్తాయి. ఇది అనుదైర్ఘ్య తరంగం. హెర్ట్జ్ కనుగొన్న రేడియో తరంగాలు మొదటి కోవకు చెందినవి. టెస్లా మాత్రం అవి ఈథరులో ధ్వనివలె సాగుతాయని వాదించాడు. పైగా తరంగం తనంతట తాను వార్త కాదు. దాని కంపన పరిమితినో పౌనఃపున్యాన్నో వార్తకు అనుగుణంగా మార్చాలి. ఆ ప్రక్రియే మాడ్యులేషన్.

వార్తలను, విద్యుత్తును తీగలు లేకుండా పంపాలని 1901లో లాంగ్ ఐలాండ్‌లో టెస్లా 187 అడుగుల గోపురం నిర్మాణం ఆరంభించాడు. ధనికుడైన మోర్గన్ తొలుత ద్రవ్యసహాయం చేశాడు. ఆ ఏడాది డిసెంబరులో మార్కోనీ అట్లాంటిక్ మీదుగా సంకేతం అందుకొన్నాడు. తరువాత టెస్లా మరింత ధనం అర్థించగా మోర్గన్ నిరాకరించాడు. బకాయిల కింద స్థలం చేజారింది. 1917లో గోపురం నేలకూలింది.

1919లో ఆయన స్వీయచరిత్రను పత్రికలో ప్రచురించిన గెర్న్స్‌బాక్, 1926లో వైజ్ఞానిక కల్పనా సాహిత్యానికే ఒక పత్రికను నెలకొల్పాడు. అట్టి కథలకు టెస్లా జీవితమే ముడిసరుకైంది. ప్రయోగం బలపరచని వింత తరంగాలకు సైతం ఆయన పేరు తగిలించినవారున్నారు.

1943 జనవరి 7న న్యూయార్కులోని ఒక హోటలు గదిలో ఏకాకిగా ఆయన కన్నుమూశాడు. 1960లో అయస్కాంత అభివాహ సాంద్రత ప్రమాణానికి టెస్లా అని నామకరణం జరిగింది. లోకం ఆయనను స్మరిస్తున్నది రుజువైన సత్యాల వల్లనే. ఊహ విత్తనం వంటిది. ప్రయోగమనే నేలలో మొలకెత్తినప్పుడే అది విజ్ఞానమవుతుంది.