దొంగ పిల్లవాడికీ ఓ ఇల్లు

కలిగినవారి పిల్లవాడు పొరుగింటి తోటలో పండ్లు కోసుకొస్తే మనం అల్లరి అంటాం. నాన్న మందలిస్తాడు, అమ్మ బుజ్జగిస్తుంది. అదే పని ఇల్లూ వాకిలీ లేని పిల్లవాడు చేస్తే దొంగతనం అంటాం, పోలీసులకు అప్పగిస్తాం. తప్పు ఒకటే, తీర్పులు రెండు! పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్‌లో ఈ తేడాను చూసి ఊరుకోలేకపోయిన స్త్రీ మేరీ కార్పెంటర్.

ఆమె 1807లో ఎక్సెటర్‌లో పుట్టింది. తండ్రి లాంట్ కార్పెంటర్ యూనిటేరియన్ సంఘ కాపరి. ఆయన పరిచర్య నిమిత్తం 1817లో కుటుంబం బ్రిస్టల్ చేరింది. ఆ సంఘ సిద్ధాంతాలు మనవాటికి వేరైనా, ఆమె సేవనుంచి మనం నేర్చుకోవలసింది ఎంతో ఉంది.

ఆ రోజుల్లో ఎందరో పిల్లలు పెద్ద నేరస్థులతోపాటే జైళ్లలో మగ్గేవారు. చిన్న దొంగతనానికి లోపలికెళ్లినవాడు పెద్ద దొంగతనాలు నేర్చుకుని బయటికొచ్చేవాడు. అందుకే 1846లో మేరీ బ్రిస్టల్‌లోని పేదవాడ లూయిన్స్ మీడ్‌లో చిరుగుబట్టల పిల్లలకు బడి తెరిచింది. దారితప్పిన పిల్లలకు కావలసింది జైలు కాదు, ప్రేమతో దిద్దే బడి అని 1851లో పుస్తకం రాసింది. మాటతో ఆగలేదు. 1852లో కింగ్స్‌వుడ్‌లో, ఒకప్పుడు జాన్ వెస్లీ స్థాపించిన పాఠశాల ఉన్న చోటే, అలాంటి బడి ప్రారంభించింది. 1854లో బాలికల కోసం రెడ్ లాడ్జ్ తెరిచింది. కవి బైరన్ భార్య లేడీ బైరన్ ఆ భవనాన్ని కొని ఇచ్చింది.

అదే ఏడాది బాల నేరస్థులను ఇలాంటి బడులకు పంపే చట్టం వచ్చింది. కానీ అందులో ఒక ముల్లు మిగిలింది. బడికి వెళ్లేముందు పిల్లలు కనీసం 14 రోజులు జైల్లో ఉండి తీరాలి. మేరీ దీన్ని వ్యతిరేకించింది. 1877లో ఆమె కన్నుమూసేనాటికీ ఆ నిబంధన పోలేదు. 1899లో గానీ తొలగలేదు.

1866 నుంచి ఆమె నాలుగుసార్లు మన దేశానికి వచ్చింది. ఇక్కడి జైళ్లు చూసి, దిద్దుబాటు బడులు కావాలని పాలకులను కోరింది. 1876లో మన దేశంలోనూ అందుకు చట్టం వచ్చింది.

ఆ వాదం నేటికీ ముగియలేదు. ఘోర నేరాల్లో 16 నుంచి 18 ఏళ్లవారిని పెద్దలుగా విచారించే వీలు 2015 చట్టం కల్పించింది. నష్టపోయినవారి కన్నీటిని మనం తేలికగా తీసుకోకూడదు. అయితే ప్రభువు చెప్పిన ఉపమానంలోని కాపరి తప్పిపోయిన గొర్రెను ముందు కొట్టి, ఆ తర్వాత భుజాన వేసుకోలేదు. దొరకగానే సంతోషంతో ఎత్తుకున్నాడు.

మన సండే స్కూళ్లలో ఉతికిన బట్టలవాళ్లకు చోటుంది. రైల్వేస్టేషన్‌లో చిత్తుకాగితాలేరుకునే పిల్లవాడు వచ్చి గుమ్మంలో నిలబడితే అతడికి చాప వేస్తామా? లేక ముందు మన చెప్పులు లెక్కపెట్టుకుంటామా? ఈ ఆదివారం మనల్ని మనం ప్రశ్నించుకుందాం.