గెలాక్సీలు ఢీకొంటే ఏమవుతుంది..? 60 ఏళ్ల కిందటే లెక్క కట్టిన హైదరాబాదీ!

జమ్మలమడుగు దగ్గర గండికోటలో టెంట్ వేసుకుని పడుకునేవాళ్లు వానాకాలం పోయాక, వెన్నెల లేని రాత్రి ఒకసారి పైకి చూడండి. నెత్తి మీద ఓ మసక మచ్చ కనిపిస్తుంది. అది నక్షత్రం కాదు.. ఆండ్రోమెడా గెలాక్సీ. దూరం సుమారు 25 లక్షల కాంతి సంవత్సరాలు. పైగా అది మన పాలపుంత వైపే వస్తోంది!

రెండు గెలాక్సీలు ఇలా ఎదురుపడితే ఏం జరుగుతుందన్నదే సాలెహ్ మహమ్మద్ అల్లాదిన్‌ను పట్టుకున్న ప్రశ్న. 1931లో పుట్టిన ఈ హైదరాబాదీ 1963లో షికాగో యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేశారు. అమెరికాలోనే ఉండిపోకుండా వెనక్కి వచ్చేసి ఉస్మానియాలో ఖగోళశాస్త్రం చెప్పారు. టెలిస్కోప్ కన్నా కాగితం మీద లెక్కలతోనే ఆయనకు ఎక్కువ పని.

1965లో ఢీకొనే గెలాక్సీల మీద ఆయన పేపర్ ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో వచ్చింది. ఢీకొనడం అంటే రెండు లారీలు గుద్దుకున్నట్టు కాదు. నక్షత్రాల మధ్య ఖాళీ ఎంత ఎక్కువంటే, ఒకదానికొకటి దాదాపు తగలనే తగలవు. అసలు కథ గురుత్వాకర్షణది. గెలాక్సీలు ఒకదాన్నొకటి దాటేటప్పుడు, వాటి పరుగులోని శక్తి కొంత లోపలి నక్షత్రాలకు పోతుంది. వేగంగా వచ్చినవి దాటి వెళ్లిపోతాయి. నెమ్మదిగా వచ్చినవి మాత్రం ఆ శక్తి పోగొట్టుకుని మళ్లీ వెనక్కి పడతాయి, చివరికి ఒకటైపోతాయి.

1941లో స్వీడన్‌లో హోంబర్గ్ ఇదే సంగతి తేల్చడానికి 74 బల్బులు పేర్చి వెలుతురు కొలిచారు. 1972లో టూమ్రే సోదరులు కంప్యూటర్‌తో బొమ్మలు గీసి చూపించారు, పేరంతా వాళ్లకే వచ్చింది. మధ్యలో ఉన్న మన అల్లాదిన్ గురించి మనోళ్లే మాట్లాడుకోరు! ఆయన మాత్రం ఉస్మానియాలో శిష్యులతో కలిసి ఆ లెక్కలు చేస్తూనే పోయారు.

ఇంతకీ ఈ విలీనాలు ఎంత తరచుగా జరుగుతాయి? విశ్వం చిన్న వయసులో ఉన్నప్పుడు గెలాక్సీలు దగ్గర దగ్గరగా ఉండేవి, కాబట్టి కలిసిపోవడాలూ ఎక్కువే. ఇప్పుడు బాగా తగ్గాయి.

అహ్మదియా ముస్లిం సమాజానికి కూడా పెద్దగా వ్యవహరించిన అల్లాదిన్ 2011 మార్చి 20న కన్నుమూశారు. మరుసటి ఏడాదే హబుల్ కొలతలతో నాసా ఓ ప్రకటన చేసింది.. 400 కోట్ల ఏళ్లలో ఆండ్రోమెడా మనల్ని ఢీకొనడం ఖాయమని! 2025లో మరో బృందం పక్కనున్న చిన్న గెలాక్సీల లాగుడు కూడా కలిపి మళ్లీ లెక్కేసింది. వచ్చే 1000 కోట్ల ఏళ్లలో అవి కలిసే అవకాశం సగానికి సగమేనట.