మన జిల్లా నవ్వుల రేడు రమణారెడ్డి

పాత సినిమాల్లో సన్నగా, పొడుగ్గా, గాలి వీస్తే పడిపోయేట్టు కనిపించే ఒకాయనను మనమందరం చూసే ఉంటాం. ముఖం గుర్తుంటుంది గానీ ఆయన మన నెల్లూరు జిల్లావాడని మన హాస్టల్లో చాలామందికి తెలియదు. ఆయనే తిక్కవరపు వెంకట రమణారెడ్డి గారు.

1921 అక్టోబర్ 1న జగదేవిపేటలో పుట్టారు. సోమశిల దగ్గర మనం చూసే పెన్న నెల్లూరు దాటి సముద్రం వైపు సాగే మాగాణి సీమ అది. ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల నుంచి వచ్చిన మనకు ఆ పొలాలు కొత్తే గానీ, ఆయన మాటలోని సాగదీత మాత్రం మన ఇంటి మాటలాగే వినిపిస్తుంది.

సినిమాల్లోకి రాకముందు ఆయన శానిటరీ ఇన్స్పెక్టరు. సర్కారు ఉద్యోగం! మన ఇళ్ళల్లో అలాంటిది ఒకటి వస్తే వదలమని ఎవరూ అనరు, మనమూ వదలం. ఆయన వదిలి మద్రాసు వెళ్ళారు. వీధి వీధీ తిరిగే ఆ కొలువులోనే రకరకాల మనుషుల నడక, నిలబడే తీరు ఆయన కంట్లో పడి ఉంటాయని మేము అనుకుంటాం.

1952లో వచ్చిన ‘మానవతి’తో చిత్రసీమలో అడుగుపెట్టారు. హీరోకు తగిన ఒడ్డూ పొడుగూ లేవు. బక్కగా ఉన్నాడు కనుక నవ్వొచ్చింది అనేవాళ్ళున్నారు. అది సరికాదని మా అభిప్రాయం. బక్కవాళ్ళు లోకంలో ఎందరో ఉన్నారు, మన హాస్టల్లోనూ ఉన్నారు. ప్రతి ఏడూ వార్షికోత్సవ నాటికలో వాళ్ళకు ముష్టివాడి వేషమే ఇస్తున్నాం కదా! రమణారెడ్డి గారు అదే ఒంటితో ఎన్ని రకాల మనుషుల్ని చూపించారో గమనించండి.

1955లో ‘రోజులు మారాయి’లో కరణం సాంబయ్య. రైతుల నోరు కొట్టే జిత్తులమారి. ఆ సన్నని ఒళ్ళు అక్కడ జాలి పుట్టించదు, భయం పుట్టిస్తుంది. పల్లెలో భూమి కాగితాల కోసం తిరిగిన అమ్మానాన్నలు ఉన్నవాళ్ళకు ఆ కరణం ఎవరో చెప్పనక్కరలేదు. అదే ఏడాది ‘మిస్సమ్మ’లో అప్పు పేరుతో మేరీ వెంటపడే డేవిడ్. ఈ మనిషికి సిగ్గు లేదని ఆ వాలకమే చెబుతుంది. 1957లో ‘మాయాబజార్’ చిన్నమయ. ఎస్వీ రంగారావు గారి భారీ విగ్రహం ముందు ఈ పుల్లలాంటి గురువు నిలబడితే వెలవెలబోవాలి. పోలేదు. చదువు చెప్పేవాడి దర్జాతో మెడ నిలిపి నిలబడ్డారు, శిష్యులు లంబు, జంబులను వెంటేసుకుని. 1962లో ‘గుండమ్మ కథ’ గంటయ్య దగ్గరికి వచ్చేసరికి మళ్ళీ వేరు. సూర్యకాంతం గారి పక్కన చేరి మెలికలు తిరుగుతూ పాచికలు వేస్తాడు. వీలైతే ఆ సన్నివేశాలు శబ్దం తీసేసి చూడండి. గంటయ్య ఎప్పుడు అబద్ధమాడుతున్నాడో మాట వినకుండానే తెలిసిపోతుంది.

ఒళ్ళు స్ప్రింగులా ఆడించడం ఒక్కటే గొప్పగా చెప్పుకుంటారు. మాకు మాత్రం ఆయన కదలకుండా కళ్ళు మాత్రమే తిప్పే చోట్లే ఎక్కువ నచ్చుతాయి. రేలంగి గారితో జంటగా చేసిన వేషాల్లో, ఆయన గుండ్రంగా, ఈయన నిలువుగా, ఇద్దరూ తెరమీదికి రాగానే హాలు సగం నవ్వేది. మిగతా సగం నవ్వు పని చేసి తెచ్చుకున్నదే.

ఆయన ఇంద్రజాలం కూడా నేర్చుకుని ప్రదర్శనలిచ్చారు. చేతివేళ్ళు అంత నేర్పుగా కదలడానికి అదీ ఒక కారణమేమో.

1974 నవంబర్ 11న, 53 ఏళ్ళ వయసులో రమణారెడ్డి గారు కన్నుమూశారు. ఇరవై ఏళ్ళు దాటిన నటనలో ఎన్నో వేషాలు వేశారు. ఈసారి నాటికలో కరణం వేషం ఉంది. దాన్ని ఎవరికివ్వాలో కమిటీ తమ్ముళ్ళు ఆలోచిస్తున్నారట.