కోడి రామమూర్తి, మా జేజినాయన, నేను

చిన్నప్పుడు కొండాపురంలో టీవీ ముందు కూర్చుని, అండర్‌టేకర్ శవపెట్టెలోంచి లేచొస్తే నిజమని నమ్మేసినా. మా జేజినాయన అదంతా ఉత్త నాటకమని నవ్వేవాడు. ఆయన దృష్టిలో మల్లుడంటే కోడి రామమూర్తి నాయుడు ఒక్కడే.

రామమూర్తిది శ్రీకాకుళం వైపు వీరఘట్టం. విజయనగరంలో కుస్తీ నేర్చి, అక్కడే వ్యాయామం టీచరుగా చేసి, తర్వాత సొంతంగా సర్కస్ పెట్టాడు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపేవాడు. కార్లను కదలనిచ్చేవాడు కాదు. ఛాతీ మీద చెక్క వేయించుకుని ఏనుగును ఎక్కించుకునేవాడు. జనం కలియుగ భీముడన్నారు. 1942లో, ఇప్పటి ఒడిశాలోని బలంగీర్‌లో పోయాడు.

ఇంజనీరింగ్‌కొచ్చినాక ఆ చెక్క దగ్గర నాకు అనుమానమొచ్చింది. చెక్క బరువును పరుస్తుంది, కొంత నేల కూడా మోస్తుంది. ఇదీ నాటకమే కదా అని జేజినాయనతో వాదించినా. ఆ రాత్రి ఆయన అన్నం ముట్టలేదు.

తర్వాత ఆలోచిస్తే సిగ్గేసింది. కిటుకు ఉంటే ఉండనీ, కింద పడుకున్న పక్కటెముకలు మాత్రం ఆయనవే. అండర్‌టేకర్ చావు కథ రాసిందే, తగిలిన దెబ్బలు మాత్రం రాసినవి కాదు. మొన్న సెలవుల్లో జేజినాయనకు ఈ మాట చెప్పినా. ఏమీ అనలేదు గానీ, కుస్తీ వస్తుంటే టీవీ సౌండ్ కొంచెం పెంచినాడు.