ఏర్పాటు దేవునిది, నడక మనది

రక్షణ పొందేవారెవరో లోకం పుట్టకముందే దేవుడు నిర్ణయించి ఉంటే ఇక సువార్త ఎందుకు? ప్రార్థన ఎందుకు? బైబిలును శ్రద్ధగా చదివే ప్రతి విశ్వాసికీ ఏదో ఒకనాడు ఎదురయ్యే ప్రశ్న ఇది. ఎఫెసీ పత్రిక మొదటి అధ్యాయం, రోమా పత్రిక ఎనిమిది, తొమ్మిది అధ్యాయాలు చదివితే అంతా దేవుని ఏర్పాటే అనిపిస్తుంది. యోహాను 3:16, మొదటి తిమోతి 2:4, రెండవ పేతురు 3:9 చదివితే ఆయన పిలుపు అందరికీ అనిపిస్తుంది. దేన్ని నమ్మాలి? ఈ ప్రశ్నకు పుస్తకాలలో కన్నా ఒక మనిషి బతుకులో జవాబు వెదుకుదాం. ఆయన మన మదనపల్లెలో సేవ చేసి, అక్కడే కన్నుమూసిన డాక్టర్ జేకబ్ చాంబర్లెయిన్.

ఆయన 1835 ఏప్రిల్ 13న అమెరికాలోని కనెక్టికట్ రాష్ట్రంలో షారన్ అనే ఊళ్లో పుట్టారు. ఒహాయోలో పెరిగారు. న్యూబ్రన్స్‌విక్ సెమినరీలో వేదాంతం చదివారు. వైద్యవిద్య కూడా పూర్తిచేశారు. 1859లో షార్లెట్‌ను వివాహం చేసుకుని, ఆ ఏడాది చివర్లో ఓడ ఎక్కి, 1860లో మద్రాసు రేవులో దిగారు. ఆయనను పంపినది డచ్ రిఫార్మ్‌డ్ సంఘం. ఆ సంఘానికి చెందిన ఆర్కాటు మిషనును 1853లో స్కడ్డర్ సోదరులు స్థాపించారు. వేలూరు సి.ఎం.సి. ఆసుపత్రిని స్థాపించిన ఐడా స్కడ్డర్‌ది కూడా ఆ కుటుంబమే.

ఇక్కడ ఆ సంఘం చరిత్ర కొంత తెలుసుకోవాలి. జాన్ కాల్విన్ బోధను అనుసరించిన నెదర్లాండ్స్ సంఘంలో 1600 ప్రాంతంలో పెద్ద వివాదం లేచింది. ఎవరు విశ్వసిస్తారో దేవుడు ముందుగా ఎరిగి వారిని ఏర్పరచుకున్నాడని అర్మీనియస్ అనే వేదాంతి బోధించారు. ఆయన 1609లో మరణించాక, అనుచరులు 1610లో ఐదు అంశాలతో తమ వాదాన్ని ప్రకటించారు. దీనిపై 1618-19లో డోర్ట్ పట్టణంలో మహాసభ జరిగింది. విశ్వాసం ఏర్పాటుకు కారణం కాదని, ఏర్పాటు వల్ల కలిగే ఫలమేనని సభ తీర్మానించింది. మనిషిలోని ఏ యోగ్యతా దేవుని ఎంపికకు ఆధారం కాదని, అది కేవలం కృప అని తేల్చింది. అదే కాలంలో డచ్చి వర్తకుల ఓడలు మన పులికాట్ రేవులో లంగరు వేసి ఉండేవి. ఆ తీర్మానాలు మాత్రం మన నేలకు చేరడానికి రెండు వందల ఏళ్లకు పైగా పట్టింది.

చాంబర్లెయిన్ ఆ డోర్ట్ తీర్మానాలను అంగీకరించి అభిషేకం పొందిన బోధకుడు. అంతా ముందే నిర్ణయమైందని నమ్మినవాడు చేతులు ముడుచుకు కూర్చుంటాడని మనం అనుకుంటాం. ఆయన కూర్చోలేదు. మొదట తమిళం నేర్చుకున్నారు. ఆ తర్వాత తెలుగు నేర్చుకున్నారు. పలమనేరులో పనిచేసి, 1863లో మదనపల్లెలో మిషను కేంద్రాన్ని ప్రారంభించారు. అదే ఏడాది కొందరు స్థానిక సహాయకులతో ఎడ్లబండ్లపై తెలుగు సువార్త ప్రతులు వేసుకుని ఉత్తరానికి బయలుదేరారు. నైజాం రాజ్యం దాటి, గోదావరి మీదుగా మధ్య భారతం వరకు సుమారు 1,200 మైళ్ల ప్రయాణం అది. రైలు లేదు, సరైన బాట లేదు, దారి పొడవునా తెలిసిన మనిషి లేడు.

ఆ ప్రయాణంలో జరిగిన రెండు సంఘటనలను ఆయన తర్వాత తన రచనల్లో వివరంగా చెప్పారు. నైజాం రాజ్యంలో ప్రాకారం ఉన్న ఒక పట్టణంలో జనం ఆయన మీద ఆగ్రహించారు. రాళ్లు చేతబట్టుకుని చుట్టుముట్టారు. ఆయన పారిపోలేదు. కొట్టే ముందు ఒక కథ వినమని అడిగారు. వారు ఒప్పుకున్నాక క్రీస్తు జననం నుండి సిలువ మరణం వరకు వారి భాషలోనే చెప్పుకుపోయారు. వింటూ వింటూ కొందరు కన్నీరు పెట్టుకున్నారు. చేతుల్లోని రాళ్లు కింద పడ్డాయి. చివరకు ఆ జనమే సువార్త ప్రతులు కొనుక్కున్నారు.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఆ వీధిలో ఎవరు దేవుడు ఏర్పరచుకున్నవారో కంటితో చూసి చెప్పగలమా? చేతిలో రాయి ఉన్నవాడిని చూసి వీడు కాడు అని మనం తీర్పు చెప్పేస్తాం. స్తెఫనును రాళ్లతో కొట్టినప్పుడు వారి బట్టలకు కాపలా ఉన్న సౌలును (అపొ. 7:58) ఆనాటి సంఘంలో ఎవరు ఏర్పరచబడినవాడని అనుకుని ఉంటారు? ఏర్పాటు దేవునిది కాబట్టే దాని లెక్క మన దగ్గర లేదు. లెక్క మన దగ్గర లేదు కాబట్టే అందరికీ చెప్పవలసి ఉంది. చాంబర్లెయిన్ సంఘం అంగీకరించిన డోర్ట్ తీర్మానాలే సువార్త వాగ్దానాన్ని భేదం లేకుండా సకల జనులకు ప్రకటించాలని ఆదేశిస్తున్నాయి. ఆ సిద్ధాంతం పేరు చెప్పి సువార్త మానేసేవారు ఈ మాట మరచిపోతున్నారు.

రెండో సంఘటన గోదావరి ఒడ్డున జరిగింది. వర్షాకాలం, వరద పోటు, పులులు తిరిగే అడవి. ముందు పొంగిన వాగులు, వెనుక దట్టమైన అరణ్యం. చీకటి పడేలోగా ఆసరా దొరకకపోతే ప్రాణాలు దక్కవు. ఆయన గుర్రం మీద సాగుతూనే ప్రార్థించారు. ఎడమకు తిరిగి గోదావరి వైపు వెళ్లమని, అక్కడ సహాయం దొరుకుతుందని తన అంతరంగంలో స్పష్టంగా వినిపించిందని రాశారు. దారి చూపేవారు వద్దన్నారు, నది గట్లు దాటి పొంగుతోందన్నారు. అయినా ఆయన బృందాన్ని అటే నడిపించారు. పొదలు దాటేసరికి ఒడ్డున ఒక పెద్ద బల్లకట్టు, దానిపై మనుషులు! ఎగువన కట్టిన చోట నుండి వరద దాన్ని తెంపి, వారు ఎంత ఆపినా ఆగకుండా సరిగ్గా అక్కడికి చేర్చింది. ఆ రాత్రి అందరూ దానిపైనే క్షేమంగా ఉన్నారు.

ఏర్పాటు గురించి వెయ్యి పేజీలు చెప్పలేని సంగతిని ఈ బల్లకట్టు చెబుతుంది. వారు ఒడ్డుకు చేరకముందే అది కట్టు తెంపుకుని బయలుదేరింది. వారి తెలివి దాన్ని తేలేదు, వారి యోగ్యత తేలేదు. ముందుగా సమకూర్చినది దేవుడే. అయినా ఎడమకు తిరగవలసింది వారే, ముళ్లపొదల్లో నడవవలసింది వారే. బల్లకట్టు ఉంది కదా అని అడవిలో కూర్చుంటే పులి పాలయ్యేవారు. నడిచాం కదా అని బల్లకట్టును తామే చేశామని చెప్పుకోనూ లేరు. ఫిలిప్పీ 2:12, 13 వచనాల్లో పౌలు ఈ రెంటినీ ఒకే ఊపిరిలో చెప్పాడు. మీ రక్షణను కొనసాగించుకోండి అని హెచ్చరించి, మీలో పనిచేసేవాడు దేవుడే అని వెంటనే ధైర్యం చెప్పాడు.

దీన్ని తలరాతతో కలపకూడదు. వాన పడకపోతే తలరాత, పంట పోతే తలరాత అనుకోవడం మన సీమలో అలవాటు. తలరాతకు ముఖం లేదు, అది మన మొర వినదు. బైబిలు చెప్పే ఏర్పాటు ఒక తండ్రి ప్రేమతో చేసిన నిర్ణయం. ఆయనను పిలవవచ్చు, ఆయన ముందు ఏడవవచ్చు. అయితే బల్లకట్టు పంపిన దేవుడు ప్రతి బాధనూ తొలగిస్తాడని కాదు. ఆ ప్రయాణంలోనే చాంబర్లెయిన్‌కు అడవి జ్వరం సోకింది. దాని బాధ ఆయనను జీవితాంతం వదలలేదు. ఆరోగ్యం చెడి పలుమార్లు స్వదేశం వెళ్లవలసి వచ్చింది. ప్రతిసారీ తిరిగి మదనపల్లెకే వచ్చారు.

పలమనేరులో, మదనపల్లెలో ఆయన ఆసుపత్రులు స్థాపించారు. కులమతాల తేడా లేకుండా జనం బారులు తీరేవారు. వాక్యం వినిపించి, వైద్యం చేసేవారు. విన్నవారంతా విశ్వసించలేదు. విశ్వసించనివారికి మందు తగ్గించలేదు. 1873 నుండి 1894 వరకు తెలుగు బైబిలు సవరణ సంఘానికి అధ్యక్షులుగా ఉన్నారు. కడపలో లండన్ మిషను, నెల్లూరులో బాప్టిస్టులు, గుంటూరులో లూథరన్లు, బందరులో ఆంగ్లికన్లు పనిచేస్తున్న కాలమది. ఏర్పాటు విషయంలో వీరందరి బోధ ఒకటి కాదు. కానీ తెలుగువారి చేతికి ఒకే బైబిలు అందాలన్నది ముఖ్యం.

సంఘాల ఐక్యత కోసం కూడా ఆయన పాటుపడ్డారు. ఆర్కాటు మిషను, స్కాట్లాండ్ మిషను సంఘాలు కలిసి ఏర్పడిన దక్షిణ భారత సినడుకు తొలి మోడరేటరు ఆయనే. 1908 మార్చి 2న మదనపల్లెలో ప్రభువు సన్నిధికి చేరారు. ఆ ఏడాది జూలైలోనే ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలు కలిసి దక్షిణ భారత ఐక్య సంఘమయ్యాయి. 1947 సెప్టెంబరు 27న అది ఆంగ్లికన్, మెథడిస్టు సంఘాలతో కలిసి సి.ఎస్.ఐ.గా రూపొందింది. ఇందులో ఒక విశేషం ఉంది. 18వ శతాబ్దంలో ఇంగ్లండులో ఈ ఏర్పాటు విషయంలోనే జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్ అనే ఆప్తమిత్రులు విడిపోయారు. అయినా 1770లో విట్‌ఫీల్డ్ మరణిస్తే లండనులో స్మారక ప్రసంగం చేసింది వెస్లీయే. ఆ వెస్లీ సంతతీ, డోర్ట్ సంతతీ మన దేశంలో ఒకే బల్ల దగ్గర ప్రభువు రొట్టె విరుస్తున్నారు.

చివరిగా, బాప్తిస్మం పొందకుండా కన్నుమూసిన కొడుకు గురించి ఒక తల్లి అడిగితే ఏమి చెప్పాలి? నా బిడ్డ పేరు ఆ గ్రంథంలో లేదా అన్న ప్రశ్నకు సేవకులమైన మేము గ్రీకు పదాలతో జవాబు చెప్పకూడదు. ఉంది అని చెప్పే అధికారం మాకు లేదు. లేదు అని చెప్పే అధికారం అంతకన్నా లేదు. బైబిలు ఏర్పాటును ప్రతిచోటా విశ్వాసికి ఓదార్పుగానే చెప్పింది, పరాయివారి జాబితా రాయడానికి ఎవరి చేతికీ కలం ఇవ్వలేదు. రక్షణ పొందేవారు కొద్దిమందేనా అని ఒకడు అడిగితే ప్రభువు సంఖ్య చెప్పలేదు. ఇరుకు ద్వారంలో ప్రవేశించడానికి పోరాడమన్నాడు (లూకా 13:23, 24). ఏర్పాటు గురించి అంత గట్టిగా రాసిన పౌలే తన స్వజనుల కోసం ఎడతెగని వేదన పడ్డాడు, వారి రక్షణ కోసం ప్రార్థించాడు (రోమా 9:2, 10:1). ఆ తల్లి పక్కన కూర్చోవడం, ఆమె బిడ్డను ఆమెకన్నా ఎక్కువగా ఎరిగిన దేవునికి అప్పగించడం మా పని.

కొరింథులో భయపడుతున్న పౌలుకు ఆ పట్టణంలో తన జనం చాలామంది ఉన్నారని ప్రభువు చెప్పాడు. వారెవరో పేర్లు చెప్పలేదు. పౌలు ఏడాదిన్నర అక్కడే ఉండి బోధించాడు (అపొ. 18:9-11). చాంబర్లెయిన్ దాదాపు ఐదు దశాబ్దాల సేవా జీవితం గడిపారు. మన వీధిలో, మన పల్లెలో దేవుని జనం ఎందరున్నారో మనకూ తెలియదు. తెలియనిది ఆయనకు వదిలి, తెలిసిన పనికి రేపు ఉదయం బయలుదేరుదాం.