ఆకాశం ఆరేదాకా

మా అమ్మాయి స్కూలు కోసం కొన్న నీటిరంగుల పెట్టె మూడేళ్ళుగా అటక మీదే ఉంది. మొన్న వేసవిలో దుమ్ము దులిపి కిందకు దించాను. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక, ఎవరూ చూడకుండా, ఓ నదీ దాని వెనక కొండా వేద్దామని కూర్చున్నాను. ఆకాశం తడి ఆరకముందే కొండ వేశాను. ఇంకేముంది! కొండ కాస్తా పైకి పాకి వానమబ్బు అయికూర్చుంది. దిద్దబోతే కాగితం బురదయింది.

నూనెరంగుల్లో అయితే తప్పు మీద ఇంకో పూత పూసి కప్పెయ్యొచ్చు. నీటిరంగుల్లో ఆ వీలు తక్కువ. కాగితం తెలుపే వెలుగు, దాన్ని ముందే వదిలిపెట్టుకోవాలి. లేతరంగు ముందు, ముదురు తర్వాత. మధ్యలో ఓపిక.

చిన్నబుచ్చుకుని కూర్చుంటే, పెళ్ళయిన కొత్తలో రాజమండ్రిలో చూసిన దామెర్ల రామారావు గారి చిత్రశాల గుర్తొచ్చింది. ఆయన పేరు చెప్పగానే చాలామందికి పుష్పాలంకరణ, సిద్ధార్థ రాగోదయం తలపుకొస్తాయి. నాకు మాత్రం ఆయన గోదావరి అంటేనే ఇష్టం. అంతటి నదిని అంత చిన్న కుంచెతో ఎలా పట్టారా అనిపిస్తుంది.

ఆయనా ఒకప్పుడు నేర్చుకున్నవారే కదా! 1897లో రాజమండ్రిలో పుట్టారు. ఆ రోజుల్లో అక్కడి గవర్నమెంటు కాలేజీకి ఆస్వాల్డ్ కూల్డ్రే అనే ఇంగ్లీషు దొర ప్రిన్సిపాలు. దొరగారు కవి, నీటిరంగుల్లో బొమ్మలు వేసేవారు. అడివి బాపిరాజు గారు కూడా ఆయన శిష్యులే. కుర్రవాడి చేతిలోని పనితనం కనిపెట్టి రామారావుకు తానే నేర్పారు. అంతటితో ఊరుకోక బొంబాయి జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చేరేలా చేశారు. చదువు పూర్తయ్యాక రామారావు గారు మళ్ళీ గోదావరి ఒడ్డుకే వచ్చేశారు. తూర్పు కనుమల్లో గోదావరిని ఆయన వేసిన చిత్రాన్ని వైస్రాయి లార్డ్ రీడింగ్ కొనుక్కున్నారు.

నన్ను కదిలించింది మాత్రం ఆ పేరుప్రతిష్ఠలు కాదు. తనకు దొరికిన విద్యను ఆయన ఇంట్లోవాళ్ళకూ పంచారు. భార్య సత్యవాణి గారు, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ గారు కూడా బొమ్మలు వేశారు. 1920లలో ఇంటి ఆడవాళ్ళ చేతికి కుంచె ఇవ్వడమంటే మాటలా చెప్పండి! 1923లో రాజమండ్రిలో చిత్రకళకంటూ ఒక సంఘాన్నీ పెట్టారు. తను వేసుకోవడంతో ఆగక, నలుగురికీ నేర్పాలన్న తపన అది.

ఇక అన్నీ కుదిరాయనుకునే వేళ మశూచి వచ్చింది. 1925 ఫిబ్రవరిలో, ఇరవై ఎనిమిదేళ్ళయినా నిండకుండానే, పోయారు. చదువు ముగించుకుని వచ్చాక ఆయనకు మిగిలింది గట్టిగా అయిదేళ్ళు. సత్యవాణి గారి సంగతి తలుచుకుంటే గొంతు పట్టేస్తుంది. కుంచె పట్టించిన చెయ్యి అంత త్వరగా వదిలేసి వెళ్ళింది. మిత్రులు వరదా వెంకటరత్నం గారు ఆయన మొదలుపెట్టిన పని ఆగిపోకుండా చూసుకున్నారు. ఆ బొమ్మలు ఈనాడు మనం చూస్తున్నామంటే అలాంటివాళ్ళ చలవే.

పిల్లలు పెద్దవాళ్ళయ్యాక నేర్చుకుందాంలే అని సంగీతాన్ని వాయిదా వేశాను, కుట్టుపని వాయిదా వేశాను. నాకిప్పుడు ముప్ఫై ఎనిమిది. ఆయన బతికినదానికంటే పదేళ్ళు ఎక్కువే బతికేశాను! ఆ లెక్క తట్టగానే లేచి ఇంకో కాగితం తీశాను.

ఈసారి ఆకాశం వేసి, కాగితం అలాగే బల్ల మీద వదిలేసి, సాయంత్రానికి బెండకాయలు తరిగాను. తరగడం అయ్యాక వేలితో తాకి చూశాను. ఆరింది. అప్పుడు వేశాను కొండ. చెప్పొద్దూ, వంకరగా వచ్చింది. కానీ పైకి పాకకుండా తన చోట తను నిలబడింది.

నది ఇంకా వెయ్యలేదు. రేపు మధ్యాహ్నం వేస్తాను. ఈసారి తలుపు వేసుకోను, మా అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టుకుంటాను.